చంటిని ఓడ మీద ఇంగ్లండు తీసుకెళ్ళవచ్చా?

తిరుపతి నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు. ఆమె వయసు 29, వృత్తి నర్సు. తూర్పు ఇంగ్లండులోని ఒక పట్టణంలో ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, అక్టోబరు మొదటి వారంలో చేరాలి. ఇంట్లో తల్లి, ఈమె, చంటి అనే ఆరేళ్ళ ఊరకుక్క ఉంటారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన తండ్రి ఒక వానాకాలం సాయంత్రం సైకిల్ స్టాండులో వణుకుతున్న కుక్కపిల్లను టిఫిన్ సంచిలో పెట్టుకుని తెచ్చారట. ఆయన పోయి రెండేళ్ళయింది. చంటి ఇప్పటికీ ఆయన పాత పంచె మీదే పడుకుంటుందని, ఆ పంచె చింపిరి అయిందని తీసేస్తే ఆ రాత్రంతా వాకిట్లో తిరుగుతూనే ఉందని రాశారు.

ఈమె వెళ్ళాక తల్లి చిత్తూరులోని కొడుకు ఇంటికి మారాలనేది ఏర్పాటు. అక్కడ రెండేళ్ళ బిడ్డ ఉంది, వదినకు కుక్కలంటే భయం. చెన్నైలోని ఒక ఏజెంటు కుక్కను నేరుగా లండన్‌కు కార్గోగా పంపుతానని చెప్పి, అయిదు లక్షలకు పైగా అడిగాడు. ఇంగ్లండులో ఉన్న స్నేహితురాలు మాత్రం, "ఆమ్‌స్టర్‌డామ్ వరకు విమానంలో వచ్చి అక్కడి నుంచి ఓడ ఎక్కు, చంటి నీతోనే కేబిన్‌లో ఉంటుంది, ఖర్చు సగం కూడా కాదు, కుక్కను లగేజీలా పడేయాల్సిన గతి పట్టదు" అని చెప్పింది. కిందటి నెల చంటికి మైక్రోచిప్ వేయించారు. రేబిస్ టీకా ఏప్రిల్‌లోనే అయింది కాబట్టి ఆ పని ముగిసిందనుకుంటున్నారు. తల్లి మాత్రం "కుక్క కోసం సముద్రాలు దాటే వాళ్ళను ఎక్కడైనా చూశామా" అంటూ కోప్పడుతున్నారు. ఓడ దారి నిజంగా కుదురుతుందా, ఎన్నడూ సముద్రం చూడని జంతువును హింసపెట్టినట్టు అవుతుందా, ఇంత ఆరాటం తన తప్పా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. తప్పు కాదు. ఆరేళ్ళు మీ ఇంటి అన్నం తిని, మీ నాన్నగారు పోయిన తర్వాత మీతో పాటు ఆ లోటును మోసిన ప్రాణి గురించి మీరు ఆలోచించకపోతేనే నాకు బాధగా ఉండేది. అయితే మీ ఉత్తరంలో మూడు వేర్వేరు చిక్కులు ఒకే ముడిగా పడ్డాయి. కాగితాలు ఒకటి, ప్రయాణం ఒకటి, మీ అమ్మగారితో తెగని మాట ఒకటి. వీటిలో కాగితాల సంగతి తేలితే మిగతా రెండింటి రూపమే మారిపోతుంది కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, చిప్ వేయించగానే పని పూర్తి కాలేదు. బ్రిటన్ అయినా, యూరోపియన్ యూనియన్ అయినా రేబిస్ టీకాను లెక్కలోకి తీసుకోవాలంటే ఆ టీకా మైక్రోచిప్ వేసిన రోజునో, ఆ తర్వాతో పడి ఉండాలి. ఏ కుక్కకు ఆ టీకా వేశారో రుజువు చేసేది చర్మం కింద ఉన్న ఆ 15 అంకెల సంఖ్య ఒక్కటే. మీ చంటికి టీకా ఏప్రిల్‌లో, చిప్ ఆ తర్వాత కొన్ని నెలలకు పడ్డాయి. అంటే వాళ్ళ లెక్కలో చంటికి ఇంకా టీకా పడనట్టే. మళ్ళీ వేయించాలి. ముందు చిప్‌ను స్కానర్‌తో చదివించి, ఆ సంఖ్యను, టీకా తేదీని ఒకే పుస్తకంలో రాయించుకుని, సంతకం అక్కడే తీసుకోండి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే కాబట్టి దీనికి దూరం పోనక్కర్లేదు.

ఆ తర్వాతే అసలు క్యాలెండరు మొదలవుతుంది. రేబిస్ విషయంలో భారతదేశం వాళ్ళ ఆమోదిత జాబితాలో లేదు. అందువల్ల టీకా వేసిన 30 రోజులకు ముందు కాకుండా రక్తం తీసి, యూరోపియన్ యూనియన్ గుర్తించిన ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. రక్తంలో రేబిస్ ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలి. ఫలితం బాగున్నా వెంటనే బయలుదేరడానికి లేదు, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఉదాహరణకు మీరు ఆగస్టు 1న టీకా వేయిస్తే ఆగస్టు 31కి ముందు రక్తం తీయకూడదు. సరిగ్గా 31న తీసినా నవంబరు నెల పూర్తయ్యే దాకా చంటి అక్కడి గడ్డ మీద కాలు పెట్టలేదు. ఒకవేళ ప్రతిరక్షకాలు తక్కువగా వస్తే మళ్ళీ టీకా, మళ్ళీ పరీక్ష, మళ్ళీ మూడు నెలలు. ఈ నిరీక్షణ మన మీద అపనమ్మకంతో పెట్టింది కాదు. జంతువును వ్యాధి ఉన్న కుక్క కరిచి ఉంటే ఆ లక్షణాలు బయటపడటానికి నెలలు పట్టవచ్చు, అందుకే ఆ గడువు. 2012కు ముందు మన దేశం నుంచి వెళ్ళిన కుక్కలను బ్రిటన్‌లో ఆరు నెలలు క్వారంటైన్ కేంద్రంలో ఉంచేవారు. ఇప్పుడు ఆ కాలాన్ని చంటి మీ ఇంట్లోనే, తన పంచె మీదే గడపవచ్చు.

కాబట్టి అక్టోబరులో మీతో పాటు చంటి రావడం ఏ దారిలోనూ సాధ్యం కాదు. ఏజెంటుకు అయిదు లక్షలు ఇచ్చినా కాదు, ఓడలో అయినా కాదు. ఇది చదివి మీరు దిగులుపడతారని తెలుసు. కానీ ఈ రెండు నెలల్లోనే ఏదో ఒకటి తేల్చేయాలన్న ఒత్తిడి మీ మీద ఉండనక్కర్లేదని కూడా ఇందులోంచే తేలుతోంది.

ఇక ఓడ సంగతి. మీ స్నేహితురాలు చెప్పిన దారి నిజమైనదే. బ్రిటన్‌లోకి విమానంలో వచ్చే పెంపుడు జంతువులు, అంధులకు తోడుండే కుక్కల వంటివి తప్ప, కార్గోగానే రావాలి. లండన్‌కు వచ్చే యూరోస్టార్ రైలు కూడా వాటిని ఎక్కించుకోదు. సముద్రం కింది సొరంగం గుండా వెళ్ళే మరో రైలు ఉంది కానీ అందులోకి సొంత వాహనంతో వెళ్ళాలి. అందువల్ల కారు లేని వాళ్ళు నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవు నుంచి తూర్పు ఇంగ్లండులోని హార్విచ్‌కు వెళ్ళే ఓడను ఎంచుకుంటారు. మీ ఉద్యోగం ఉన్న ప్రాంతానికి హార్విచ్ దగ్గర కావడం మీ అదృష్టం. రాత్రి పది గంటల ప్రాంతంలో బయలుదేరిన ఓడ తెల్లవారి ఆరున్నర ప్రాంతంలో అవతలి ఒడ్డు చేరుతుంది. పెంపుడు జంతువులను అనుమతించే కేబిన్లు కొన్నే ఉంటాయి, అవి ముందుగానే అయిపోతాయి. అలాంటి కేబిన్ దొరికితేనే మిగతా టికెట్లు కొనండి. ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండులోని డోవర్ రేవు వైపు వెళ్ళే చిన్న ప్రయాణాల్లో జంతువులు చాలావరకు కింద వాహనాల అంతస్తులో, తాళం వేసిన కారులో ఉండిపోతాయి. యజమాని పైన, కుక్క కింద. ఎన్నడూ ఓడ ఎరుగని కుక్కకు ఆ ఇంజను మోత మధ్య ఒంటరితనం కంటే మీ మంచం పక్కన పడుకునే రాత్రి ప్రయాణం ఎంతో మెరుగు.

కానీ ఒక విషయంలో మీ స్నేహితురాలి మాట మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఓడ దారి ఎంచుకున్నంత మాత్రాన చంటికి విమానం అడుగున సామాను ఉంచే అర తప్పదు. చంటి 16 కిలోలు ఉంటుందని రాశారు. విమానంలో మన కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకోవడానికి సాధారణంగా సంచితో కలిపి 8 కిలోలు మించకూడదు. అంటే బెంగళూరు నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వరకు దాదాపు పది గంటలు అది పెట్టెలోనే, మీకు కనబడకుండానే ప్రయాణిస్తుంది. ఏజెంటు పంపినా దాదాపు అంతే సమయం. కాబట్టి ఓడ వల్ల కలిగే లాభం ఏమిటంటే ఖర్చు తగ్గడం, ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగగానే చంటి మీ చేతికి రావడం, చివరి రాత్రి మీతోనే ఉండటం. నష్టం ఏమిటంటే మొత్తం ప్రయాణం ఇంకొక పగలు, ఇంకొక రాత్రి పెరగడం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయించుకోండి. కార్గోలో పంపడం అంటే పడేయడం అనుకుని మాత్రం ఓడను ఎంచుకోకండి. జంతువులు ఉండే అరలో గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత అదుపులోనే ఉంటాయి.

మీ ఉత్తరంలో కనబడని మరో అడ్డంకి ఉంది. హుక్ ఆఫ్ హాలండ్ చేరాలంటే మీరు ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం నుంచి బయటకు రావాలి. భారతీయ పాస్‌పోర్టుతో బయటకు రావాలంటే, బ్రిటన్ వీసా ఉన్నా సరే, విడిగా షెంగెన్ వీసా (నెదర్లాండ్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లేది) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, ఆఖరు గడువు 15 రోజుల ముందు, రుసుము 90 యూరోలు. ఈ ఒక్క కాగితం లేక, కుక్క పత్రాలన్నీ చేతిలో ఉండి కూడా విమానాశ్రయంలో చిక్కుకుపోయే పరిస్థితి మీకు రాకూడదు. కుక్కకు కూడా రెండు ధ్రువపత్రాలు అవసరం, నెదర్లాండ్స్‌లో దిగడానికి యూరోపియన్ యూనియన్‌ది, హార్విచ్‌లో దిగడానికి బ్రిటన్‌ది. రెండూ ప్రయాణానికి ముందు పది రోజుల లోపల సంతకమైనవే చెల్లుతాయి. వాటి మీద ప్రభుత్వ ముద్ర కోసం జంతు క్వారంటైన్ కార్యాలయానికి వెళ్ళాలి, కనుక చివరి వారంలో మీకు పరుగు తప్పదు.

ఆ చివరి వారంలో అందరూ పొరపడే చోటు నులిపురుగు మందు. బ్రిటన్‌లో లేని ఒక రకం బద్దెపురుగు కుక్కలతో పాటు వస్తుందని వాళ్ళ భయం. అందుకని అక్కడి గడ్డ చేరడానికి 24 గంటల కంటే ముందుగా, 120 గంటలు దాటకుండా పశువైద్యుడు ఆ మందు వేసి, తేదీతో పాటు గంట కూడా ధ్రువపత్రంలో రాయాలి. సోమవారం ఉదయం 10 గంటలకు మందు వేయించారనుకోండి. గురువారం తెల్లవారి ఆరున్నరకు హార్విచ్ చేరితే, వేసవి కాలమానంలో అప్పుడు మన దగ్గర ఉదయం 11 గంటలవుతుంది. అంటే 73 గంటలు, నిశ్చింత. గాలివాన వల్ల ఓడ ఒక రోజు ఆలస్యమైతే 97 గంటలు, ఇంకా పరవాలేదు. రెండు రోజులు ఆలస్యమైతే 121 గంటలు! ఒక్క గంట తేడాతో గడువు దాటిపోతుంది. అప్పుడు నెదర్లాండ్స్‌లోని పశువైద్యుడి చేత మళ్ళీ వేయించి రాయించుకోవాలి. రేవులో చిప్ చదివి, పత్రాలు చూసిన తర్వాతే ఓడ ఎక్కనిస్తారు. పత్రాల్లో లోపముంటే ఆపేస్తారు, అవతలి ఒడ్డున లోపం బయటపడితే క్వారంటైన్‌కో వెనక్కో పంపుతారు, ఆ ఖర్చంతా యజమానిదే.

మరి మీ ముందున్న దారులేమిటి? మొదటిది, చేరే తేదీని డిసెంబరుకు వాయిదా వేయమని ఆసుపత్రిని అడగడం. అడగడంలో తప్పు లేదు, కానీ వాళ్ళు ఇచ్చిన స్పాన్సర్‌షిప్ పత్రం మీ చేరే తేదీతో ముడిపడి ఉంటుంది. పైగా డిసెంబరులో ఉత్తర సముద్రం నెమ్మదిగా ఉండదు. తొలిసారి ఓడ ఎక్కే కుక్కకు అది మంచి కాలం కాదు. నాకైతే ఈ దారి అంతగా నచ్చలేదు.

రెండవది, మీరు అనుకున్న తేదీకి ఒంటరిగా వెళ్ళి ఉద్యోగంలో చేరడం, ఏప్రిల్‌లో సెలవు పెట్టి వచ్చి చంటిని వెంటబెట్టుకు వెళ్ళడం. మీరు వృత్తిలో ఉన్నవారు, మొదటి నెలలు ఎలా ఉంటాయో నేను చెప్పనక్కర్లేదు. అక్కడ నర్సుగా నమోదుకు ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష, ఆసుపత్రి ఇచ్చే చిన్న గది, పన్నెండు గంటల షిఫ్టులు. ఆ గదుల్లో కుక్కను పెట్టుకోనిస్తారని ఆశ పెట్టుకోకండి. ఆ ఆరు నెలల్లో కుక్కకు ఒప్పుకునే అద్దె ఇల్లు, మీ షిఫ్టు రోజుల్లో మధ్యాహ్నం వచ్చి బయట తిప్పే మనిషి దొరుకుతారో లేదో మీకే తెలుస్తుంది. దొరకకపోతే చంటిని తీసుకెళ్ళి రోజుకు పన్నెండు గంటలు నాలుగు గోడల మధ్య వదిలేయడం కంటే మరో ఏర్పాటు చూడటం మేలని అప్పుడు నిజాయితీగా నిర్ణయించుకోవచ్చు. ఈ దారిలో ఒక జాగ్రత్త ఉంది. మీరు వెళ్ళాక ఎవరో ఒకరు తర్వాత తీసుకొస్తారులే అనుకోవద్దు. యజమాని ప్రయాణానికి, జంతువు ప్రయాణానికి మధ్య అయిదు రోజుల కంటే ఎడం ఉంటే అది పెంపుడు జంతువు ప్రయాణం కింద కాక, వ్యాపార దిగుమతి కిందకు, ఇంకా కఠినమైన నియమాల కిందకు వెళ్ళిపోతుంది. అందుకే మీరే వచ్చి తీసుకెళ్ళాలి. రేబిస్ టీకా గడువు ఈలోగా ఒక్క రోజు కూడా తప్పకూడదు, తప్పితే ఇప్పుడు చేయించే రక్తపరీక్ష వృథా అవుతుంది.

మూడవది, అదే ఏప్రిల్‌లో ఓడ కాకుండా నేరుగా లండన్‌కు కార్గోగా పంపడం. షెంగెన్ వీసా, రెండవ ధ్రువపత్రం అవసరం లేదు, ప్రయాణం కూడా తొందరగా ముగుస్తుంది. ఖర్చు ఎక్కువ. నివాసం మారుతున్నట్టు అక్కడి కస్టమ్స్‌కు ముందే దరఖాస్తు చేసుకోకపోతే పన్ను కూడా పడుతుంది.

నాలుగవది, చంటి ఇక్కడే ఉండిపోవడం. దీన్ని ఓటమిగా చూడకండి. అయితే చిత్తూరు ఇంట్లో మాత్రం కాదు. భయపడే మనిషి, రెండేళ్ళ బిడ్డ, యజమానిని పోగొట్టుకున్న కుక్క ఒకే ఇంట్లో ఉంటే ముగ్గురిలో ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతుంది. మీ వీధిలో చంటికి చనువున్న ఇల్లు ఏదైనా ఉంటే ఇప్పటి నుంచే వారానికి రెండు రాత్రులు అక్కడ ఉంచి చూడండి.

మీ అమ్మగారి కోపం నాకు కుక్క మీది కోపంలా అనిపించలేదు. భర్త పోయాడు, కూతురు సముద్రాలు దాటుతోంది, తాను ఇన్నేళ్ళు ఉన్న ఇల్లు వదిలి కోడలి ఇంటికి మారాలి. ఈ మూడింటి గురించీ ఆమె ఎవరితో మాట్లాడినట్టు మీరు రాయలేదు. "సముద్రాలు దాటే వాళ్ళను ఎక్కడైనా చూశామా" అన్న మాట చంటి గురించే అన్నారంటారా? మీరు ఇంతవరకు ఆమెను "చంటిని ఎవరు చూస్తారు" అనే అడిగారు, అంటే ఎప్పటికీ ఎవరు చూస్తారని. దాని బదులు, "అమ్మా, ఏప్రిల్ దాకా నువ్వు ఈ ఇంట్లోనే ఉండగలవా, చంటి నీకు తోడుగా ఉంటుంది, నేను వచ్చి తీసుకెళ్ళాక అన్నయ్య దగ్గరికి వెళ్ళొచ్చు" అని అడిగి చూడండి. ఇల్లు వెంటనే ఖాళీ చేయనక్కర్లేదన్న మాట ఆమెకు కూడా ఊరట కావచ్చు. కాదంటే కాదంటారు, అప్పుడు మిగతా దారులు ఉండనే ఉన్నాయి. మీ అన్నగారికి మాత్రం ఈ సంగతి ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే నొచ్చుకుంటారు.

ఏ దారి ఎంచుకున్నా ఈ వారంలోనే టీకా వేయించండి. అది వేయించినందువల్ల ఏ దారీ మూసుకుపోదు, వేయించకపోతే అన్నీ ఆలస్యమవుతాయి.

సముద్రం చూడని కుక్కకు హింస కాదా అన్నారు. సిద్ధం చేయకుండా తీసుకెళ్తే హింసే. అది లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్ళు చాచి పడుకోగలిగేంత పెట్టె ఇప్పుడే కొని, తలుపు తీసి వాకిట్లో పెట్టండి. అన్నం అందులోనే పెట్టండి. నెల తర్వాత తలుపు మూయడం, ఆ తర్వాత పెట్టెతో సహా కారులో చంద్రగిరి దాకా, అలవాటయ్యాక చిత్తూరు దాకా తీసుకెళ్ళడం చేయండి. డెబ్బై కిలోమీటర్ల ఆ దారిలో వాంతి చేసుకుంటుందో లేదో చూస్తే ఓడలో ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. వాంతులకు పశువైద్యులు ఇచ్చే మంచి మందులున్నాయి. మత్తుమందు మాత్రం వద్దు, విమానంలో అది ఊపిరికి, గుండెకు ప్రమాదం. మరొకటి, మన ఊరకుక్కలు మట్టి కనబడందే కాలు ఎత్తవు, కూర్చోవు. ఓడలో మట్టి ఉండదు. మిద్దె మీద ప్లాస్టిక్ గడ్డిచాప ఒకటి పరిచి, రోజూ తెల్లవారగానే అక్కడికే తీసుకెళ్ళి, పని కానిచ్చాక ఒక బిస్కెట్టు ఇవ్వండి. మొదటి పది రోజులు అది మీ మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. ఓపిక పట్టండి. ప్రయాణంలో ఆ చాపనే చుట్టి వెంట తీసుకెళ్ళండి.

పెట్టెలో పరచడానికి కొత్త పరుపు కొనవద్దు. మీ నాన్నగారి పంచె చాలు. చింపిరిగా ఉన్నా సరే, బయలుదేరే ముందు దాన్ని ఉతక్కండి. అందులో ఉన్న వాసనే బెంగళూరు నుంచి హార్విచ్ దాకా చంటికి తెలిసిన ఇల్లు.